గర్భిణికి ఈసీటీ చెప్పారా? సంతకానికి ముందు నుంచి చివరి సిట్టింగ్ దాకా చూసుకోవాల్సినవి

ఆరో నెల కడుపుతో ఉన్న కోడలికి ‘కరెంటు పెట్టాలి’ అని డాక్టర్ అనగానే ఇంట్లో అందరి నోటా వచ్చే ప్రశ్న ఒకటే: బిడ్డకు షాక్ తగలదా? తగలదు. ఈసీటీ (ఎలక్ట్రోకన్వల్సివ్ థెరపీ) అంటే మత్తు ఇచ్చి, తలకు కరెంటు పెట్టి, కాసేపు ఫిట్ (మూర్ఛ) తెప్పించే మానసిక వైద్యం. తల మీద పెట్టే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కొన్ని సెకన్ల పాటే ఆ కరెంటు నడుస్తుంది. గర్భసంచి ఆ దారిలో లేదు. బిడ్డకు ఏదైనా ఇబ్బంది చేరితే అది తల్లి శరీరం ద్వారానే చేరాలి. ఆమె రక్తంలో ఆక్సిజన్ తగ్గినా, బీపీ ఒక్కసారిగా పెరిగినా పడిపోయినా, గర్భసంచి బిగుసుకున్నా, మత్తుమందు మాయ (ప్లసెంటా) దాటి వెళ్లినా ఆ ప్రభావం బిడ్డ మీద పడుతుంది. జాగ్రత్తలన్నీ ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి.

అందుకని ‘కరెంటు సేఫేనా డాక్టర్ గారూ’ అని అడిగి ఊరుకోకండి. ‘కడుపుతో ఉన్నందుకు మీరు ఏమేం మార్చి చేస్తారు?’ అని అడగండి. దీనికి తడుముకోకుండా జవాబు వచ్చే చోటే చేయించండి. ఆ జవాబులో ఏమేం ఉండాలో వరసగా కింద రాశాం. పక్కన ఉండి చూసుకునే భర్త, అమ్మ, అక్క లాంటివాళ్ల కోసం రాసింది ఇది. ఆమె చదవగలిగే స్థితిలో ఉంటే ముందు ఆమెకే ఇవ్వండి.

ఇంతదాకా ఎందుకు వచ్చిందో తేల్చుకోండి

గర్భిణికి ఈసీటీని ఊరికే చెప్పరు. తీవ్రమైన డిప్రెషన్‌లో చనిపోవాలన్న ఆలోచన వదలకపోవడం, తిండీ నీళ్లూ మానేయడం, ‘కడుపులో ఉన్నది బిడ్డ కాదు’ లాంటి భ్రమలు, ఎటు కదిలిస్తే అటే బిగుసుకుపోయే కాటటోనియా, ఎంతకీ లొంగని మేనియా (అదుపు తప్పిన హుషారు, ఉద్రేకం) వంటివి ఉన్నప్పుడు చెబుతారు. మందులు వేసినా తగ్గకపోయినప్పుడు, మందులు పనిచేసేదాకా ఆగే సమయం లేనప్పుడు కూడా. డిప్రెషన్ మాత్రలు పట్టు చూపడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నం ముట్టని గర్భిణికి అంత గడువు ఉండదు. కాటటోనియా అయితే ముందు లోరజెపామ్ అనే మందు ఇచ్చి చూస్తారు. చాలామంది దానితోనే కదులుతారు. అది ఇచ్చి చూశారా అని అడగడంలో తప్పు లేదు.

అంకెలు కావాలంటే ఉన్నాయి గానీ జాగ్రత్తగా చదవాలి. 1994లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా వైద్య పత్రికల్లో నమోదైన 300 మంది గర్భిణుల కేసులను చూసింది. వాళ్లలో 28 మందికి ఏదో ఒక ఇబ్బంది ఎదురైంది. 2009 నాటి మరో సమీక్ష 339 కేసులు చూసి, తల్లికీ బిడ్డకూ ముప్పు తక్కువేనని తేల్చింది. 2015లో వచ్చిన ఇంకొకటి 169 మంది వివరాలు చూసి మాత్రం గట్టిగా హెచ్చరించింది: వేరే దారి లేనప్పుడే వాడాలని. ఒకే విషయం మీద ఇంత తేడా ఎందుకంటే, ఇవన్నీ విడి కేసుల కూడిక. సజావుగా జరిగినవాటికంటే తేడా వచ్చినవే ఎక్కువగా పత్రికలకెక్కుతాయి. వీటిలో 1940ల నాటి కేసులు కూడా కలిసి ఉన్నాయి, ఇప్పటి మత్తూ మానిటర్లూ అప్పుడు లేవు. సమస్య ఈసీటీ వల్ల వచ్చిందా, జబ్బు వల్ల వచ్చిందా అని విడదీయడం కూడా చాలా కేసుల్లో కుదరలేదు. మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే: అవసరం గట్టిగా ఉండి, జాగ్రత్తలన్నీ తీసుకునే చోటైతే, వైద్యం చేయకుండా వదిలేయడమే తల్లీబిడ్డలకు ఎక్కువ ప్రమాదం. ఆ రెండు షరతుల్లో ఏది లేకపోయినా వెంటనే ఒప్పుకోవద్దు, రెండో డాక్టర్‌ని అడగండి.

ఈ రాత్రే ప్రాణానికి ముప్పనిపిస్తే ఇవన్నీ చదువుతూ కూర్చోకండి. ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఎక్కడ చేయించాలి

నాలుగో నెలలో ఒక లెక్క, ఎనిమిదో నెలలో ఒక లెక్క. 24 వారాలు దాటాక బిడ్డ బయటికొస్తే బతికించే అవకాశం మొదలవుతుంది. కాబట్టి అక్కడి నుంచి సిట్టింగ్ జరిగే చోటే కాన్పు చేయగల గైనిక్ డాక్టర్, ఆపరేషన్ థియేటర్, నెలలు నిండని బిడ్డను చూసుకునే ఎన్ఐసీయూ అందుబాటులో ఉండాలి. మానసిక వైద్యశాల ఎంత మంచిదైనా, కాన్పుల వార్డు నగరం అవతల ఉంటే అప్పటికి అది సరైన చోటు కాదు.

హైదరాబాద్‌లో ఇది ఉత్తుత్తి చిక్కు కాదు. ఉస్మానియా మెడికల్ కాలేజీ కిందే మానసిక వైద్యశాల ఎర్రగడ్డలో ఉంది, ప్రసూతి ఆసుపత్రులు పేట్లబుర్జులోనూ సుల్తాన్ బజార్‌లోనూ ఉన్నాయి, పసిపిల్లల నీలోఫర్ రెడ్ హిల్స్ వైపు ఉంది. ఒక్క కాలేజీయే, కానీ పంజాగుట్ట ట్రాఫిక్‌లో అంబులెన్స్ ఇరుక్కుంటే ఆ బంధుత్వం అక్కరకు రాదు. గాంధీ ఆసుపత్రిలో సైకియాట్రీ, ప్రసూతి, మత్తు, పిల్లల విభాగాలు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ప్రైవేటుకు వెళ్తే పెద్ద మల్టీ స్పెషాలిటీలో కూడా ‘ప్రసూతి విభాగం, ఎన్ఐసీయూ ఈ బిల్డింగ్‌లోనేనా, ఇంకో బ్రాంచిలోనా’ అని అడిగి తెలుసుకోండి. ఒకే బోర్డు కింద మూడు బ్రాంచీలున్న చోట ఈ ప్రశ్న తప్పనిసరి.

మొదటి సిట్టింగ్‌కు ముందే సైకియాట్రిస్టు, గైనిక్ డాక్టర్, మత్తు డాక్టర్ ముగ్గురూ ఆమెను చూసి, ముగ్గురి రాతా ఒకే ఫైల్లో ఉండాలి. మన ఇళ్లలో జరిగేదేమిటంటే, గైనిక్ డాక్టర్‌కు పిచ్చి మందుల సంగతి చెప్పడానికి మొహమాటపడతారు, సైకియాట్రిస్టు దగ్గరికి టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలు చూసే స్కాన్) రిపోర్టు తీసుకెళ్లడం మర్చిపోతారు. రెండు ఫైళ్లనూ ఒకే సంచీలో పెట్టి, రెండు చోట్లా రెండూ చూపించండి.

సంతకం ఎవరిది

ఆమెది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, విషయం అర్థం చేసుకుని నిర్ణయించుకోగల స్థితిలో ఉంటే ఆమె ఒప్పుకోలే కావాలి. భర్తదో అత్తగారిదో సంతకం దానికి బదులు కాదు. ఆ శక్తి అప్పటికి లేకపోతే, ఆమె ముందే పేరు రాసిచ్చిన నామినేటెడ్ ప్రతినిధి నిర్ణయంలో సాయపడతారు. తనకు జబ్బు ముదిరితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో బాగున్నప్పుడే రాసిపెట్టుకునే హక్కు కూడా ఆమెకు ఉంది. అలాంటి పత్రం ఉంటే డాక్టర్‌కి మొదటి రోజే చూపించండి.

అదే చట్టంలో ఇంకో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ చేయడం నిషేధం. ఎమర్జెన్సీ పేరుతో సమ్మతి లేకుండా ఈసీటీ పెట్టడానికీ వీల్లేదు. కాబట్టి ‘టైం లేదు, ఇప్పుడే సంతకం పెట్టండి, మత్తు అక్కర్లేదు’ అనే చోటు ఏదైనా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఒప్పుకోలు అంటే ఒక్క కాగితం అనుకుంటారు. ఎన్ని సిట్టింగ్‌లకు ఒప్పుకుంటున్నామో అందులో ఉందా అని చూడండి. సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున మొత్తం ఆరు నుంచి పన్నెండు దాకా పడతాయి. మధ్యలో వద్దనిపిస్తే ఆమె ఎప్పుడైనా ఆపేయమనవచ్చు.

పరీక్షలు

గర్భం ఎన్ని వారాలో స్కాన్‌తో తేల్చాలి, తారీఖులు చెప్పి సరిపెట్టకూడదు. స్కాన్‌లో మాయ కిందికి ఉందా అన్నది ముఖ్యం. ప్లసెంటా ప్రీవియా (మాయ గర్భసంచి ముఖద్వారం మీదికి ఉండటం) ఉన్నా, రక్తస్రావం అవుతున్నా, నెలలు నిండకుండానే నొప్పులు వచ్చే సూచన ఉన్నా, బీపీ అదుపులో లేకపోయినా గైనిక్ డాక్టర్ ముందు వాటి సంగతి చూడాలి. ఫిట్ వచ్చిన ఆ కాసేపట్లో బీపీ ఎగబాకుతుంది. అప్పటికే గర్భవాతం (గర్భంలో బీపీ పెరిగే జబ్బు, ప్రీఎక్లాంప్సియా) ఉన్నవాళ్లకు అది భరించలేని భారం.

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, షుగర్, సోడియం, పొటాషియం, వాటితో పాటు ఈసీజీ. రోజులతరబడి తినని మనిషిలో పొటాషియం తగ్గి ఉండవచ్చు, అది సరిచేయకుండా మత్తు ఇస్తే గుండె లయ తప్పవచ్చు. బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే ఫైలు అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాయించండి. సిట్టింగ్ తర్వాత రక్తం కనిపిస్తే 72 గంటల లోపు యాంటీ డి ఇంజెక్షన్ ఇవ్వాలి.

కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉంటే చెప్పండి. కండరాలు సడలించే మందు ఎంత ఇచ్చినా, దవడ కండరాలకు కరెంటు నేరుగా తగిలి పళ్లు బిగుస్తాయి. అందుకే నోట్లో మౌత్ గార్డ్ పెడతారు.

ఇక తెలుగువాళ్లు ప్రత్యేకంగా అడగాల్సిన సంగతి ఒకటుంది. ఈసీటీలో కండరాలు సడలించడానికి ఎక్కువగా వాడే మందు సక్సినైల్‌కోలిన్. కిలో బరువుకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకా ఇస్తారు. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరిచేయడం వల్ల అయిదు పది నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది. గర్భంలో ఈ ఎంజైమ్ ఎలాగూ పావు వంతుకు పైగా తగ్గుతుంది. మామూలుగా ఆ తగ్గుదల వల్ల పెద్ద తేడా రాదు. కానీ పుట్టుకతోనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఆ ఒక్క డోసుతో గంటల తరబడి ఊపిరి రాదు. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. తరతరాలుగా లోపలి సంబంధాలే చేసుకోవడం దానికి కారణం. అందుకే మన వైపు మత్తు డాక్టర్లు కులం అడుగుతారు. తప్పుగా అనుకోకండి, అడగకపోతే మీరే చెప్పండి. మేనరికాలున్న ఇల్లయినా, ‘మా మేనత్తకు ఆపరేషన్ అయ్యాక చాలాసేపు ఊపిరి రాలేదట, మిషన్ మీద పెట్టారట’ అన్న మాట ఇంట్లో ఎప్పుడైనా వినపడినా చెప్పండి. ప్లాస్మా కోలినెస్టరేజ్ (ఆ ఎంజైమ్‌కే ఇంకో పేరు) పరీక్షతో ముందే తేలిపోతుంది. లోపం ఉంటే అట్రాక్యూరియం లాంటి వేరే మందు వాడతారు. ముందు తెలియక ఇచ్చేసినా, వెంటిలేటర్ మీద ఓపిగ్గా ఉంచితే మందు దిగిపోతుంది. కానీ వెంటిలేటర్ లేని చిన్న నర్సింగ్ హోంలో అది ప్రాణం మీదికి వస్తుంది.

వాడుతున్న మాత్రలు

మీరంతట మీరు ఏదీ ఆపొద్దు, ఏదీ దాచొద్దు. మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి.

వాల్‌ప్రోయేట్ గర్భంలో ఉండకూడని మందే, దానివల్ల బిడ్డ వెన్నులో లోపాలు వస్తాయి. పైగా ఫిట్స్ ఆపే మందు కాబట్టి ఈసీటీకి అడ్డం పడుతుంది. లోరజెపామ్, క్లోనజెపామ్ లాంటి నిద్రమాత్రల గుంపు కూడా ఫిట్ సరిగా రానివ్వదు. రాత్రి నిద్ర పట్టట్లేదని పాత స్ట్రిప్పులోంచి ఒకటి వేయడం ఇళ్లలో సాధారణంగా జరిగే పని. మరుసటి పొద్దున ఫిట్ చాలక రెండోసారి కరెంటు పెట్టాల్సి రావడానికి అది కారణం కావచ్చు. లిథియం ఉంటే సిట్టింగ్ తర్వాత అయోమయం ఎక్కువవుతుంది, ముందు రోజు డోసు ఆపాలా అన్నది సైకియాట్రిస్టు చెబుతారు. ఆయాసానికి థియోఫిలిన్ వాడుతుంటే తప్పక చెప్పండి, ఫిట్ ఆగకుండా సాగే ప్రమాదం ఉంది.

థైరాయిడ్ మాత్ర, బీపీకి లాబెటలాల్ మామూలుగా ఆ పొద్దునే రెండు గుక్కల నీళ్లతో వేయమంటారు. షుగర్ ఇన్సులిన్ మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఖాళీ కడుపున వేయకూడదు.

ముందు రోజు రాత్రి, ఆ పొద్దున

తలకు నూనె పెట్టొద్దు. కడుపుతో ఉన్న పిల్లకు తలనొప్పిగా ఉందని అమ్మ ప్రేమగా కొబ్బరినూనె మర్దనా చేస్తుంది. తెల్లారేసరికి నుదురంతా జిడ్డు. ఎలక్ట్రోడ్ సరిగా అంటుకోక మిషన్ నిరోధం ఎక్కువ చూపిస్తుంది, చర్మం కమిలే అవకాశమూ ఉంటుంది. ముందు రోజు షాంపూతో తలస్నానం చేయించి, బాగా ఆరనివ్వండి. పిన్నులు, పూలు, నల్లపూసలు, చెవి కమ్మలు తీసేయాలి. తాళి తీయడానికి మనసొప్పకపోతే ముందే నర్సుకు చెప్పి, పసుపుతాడుకు మార్చుకోవచ్చా అని అడగండి. గోళ్ల రంగు చెరిపేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు రీడింగ్ తప్పుతుంది. శ్రీమంతానికి పెట్టిన గోరింటాకు ముదురుగా పండి ఉంటే క్లిప్పును చెవి తమ్మెకు పెట్టమనండి.

ఆకలి, దాహం విషయంలో ఖచ్చితంగా ఉండాలి. అన్నం, నూనె వస్తువులు ఎనిమిది గంటల ముందు ఆపాలి. తేలికపాటి ఇడ్లీ లాంటిది ఆరు గంటల ముందు దాకా తినవచ్చు. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగవచ్చు. చాయ్ నీళ్ల కిందికి రాదు, అందులో పాలున్నాయి, అది తిండి లెక్కే. ‘కడుపుతో ఉంది, ఖాళీ కడుపు మంచిది కాదు’ అని పెద్దవాళ్లు తెల్లవారుజామున రెండు బిస్కెట్లు పెడతారు. పెడితే దాచకుండా చెప్పండి, సిట్టింగ్ వాయిదా పడుతుంది, అంతే. దాస్తే మత్తులో ఉండగా అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గర్భంలో కడుపు పైన ఉండే మూత వదులవుతుంది, పెరిగిన గర్భసంచి కిందినుంచి నెడుతుంది. కాబట్టి ఈ ప్రమాదం గర్భిణికి మామూలువాళ్లకంటే ఎక్కువ.

సిట్టింగ్‌ను పొద్దున్నే మొదటి కేసుగా పెట్టమని అడగండి. మధ్యాహ్నం దాకా నీళ్లు లేకుండా కూర్చోబెడితే ఒంట్లో నీరు తగ్గి, దానికే గర్భసంచి బిగుసుకోవడం మొదలవుతుంది.

లోపల ఏం మారాలి

మీరు లోపలికి వెళ్లలేరు. అందుకే ఇవి ముందే అడిగి తెలుసుకోండి.

కడుపులో ఆమ్లాన్ని విరిచే సోడియం సిట్రేట్ సుమారు 30 మిల్లీలీటర్లు తాగిస్తారు, మెటోక్లోప్రమైడ్ లాంటి ఇంజెక్షన్ ఇస్తారు. చక్కెర లేని సెలైన్ ఎక్కిస్తారు. 20 వారాలు దాటితే వెల్లకిలా పడుకోబెట్టకూడదు. పెరిగిన గర్భసంచి వెనక ఉన్న పెద్ద రక్తనాళాలను అదిమి తల్లి బీపీ పడిపోతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. కుడి తుంటి కింద దిండో వెడ్జో పెట్టి ఎడమ వైపుకు 15 డిగ్రీలు ఒరిగిస్తే చాలు. ఇది ఖర్చు లేని జాగ్రత్త, హడావిడిలో మొదట మర్చిపోయేదీ ఇదే.

మామూలు ఈసీటీలో నోటిలో నీరు ఊరకుండా, గుండె వేగం పడిపోకుండా అట్రోపిన్ ఇవ్వడం అలవాటు. అది మాయ దాటి బిడ్డ గుండె వేగాన్ని మారుస్తుంది. గర్భిణికి నిజంగా అవసరమైతేనే ఇస్తారు, ఇస్తే గ్లైకోపైరోలేట్ మేలు, అది మాయను అంతగా దాటదు. నిద్రకు థయోపెంటోన్ లేదా ప్రొపోఫాల్ ఒక్క డోసు, దానికి బిడ్డ పెద్దగా లోనవదు.

ఆక్సిజన్ నిండుగా ఇవ్వాలి, కానీ ఊపిరి అందించే బ్యాగ్‌ను ఆత్రంగా నొక్కకూడదు. మామూలు రోగులకు ఫిట్ బాగా రావడం కోసం కావాలని గబగబా ఊపిరి ఇస్తారు. గర్భిణికి అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, గర్భసంచికి వెళ్లే రక్తం తగ్గుతుంది, తల్లి రక్తం ఆక్సిజన్‌ను బిడ్డకు వదలడం కూడా తగ్గిస్తుంది. మంచి కోసం చేసే అలవాటే ఇక్కడ చెడు చేస్తుంది. గర్భిణులకు ఈసీటీ చేసిన అనుభవం ఉందో లేదో తెలుసుకోవడానికి మత్తు డాక్టర్‌ని ‘ఊపిరి గబగబా ఇస్తారా?’ అన్న ఈ ఒక్క ప్రశ్న అడిగినా చాలు. నెలలు పెరిగాక శ్వాసనాళంలో గొట్టం వేసి చేయడం మంచిదా అన్నదీ ఆయనే చెప్పాలి. అందరికీ ప్రతిసారీ గొట్టం అక్కర్లేదు, అది వేయడానికీ తన కష్టాలున్నాయి.

ఒక కాలికి బీపీ పట్టీ బిగించి ఉంచుతారు, ఆ పాదానికి సడలింపు మందు చేరకుండా. ఒళ్లంతా కదలకుండా ఉన్నా ఆ పాదం అదరడం చూసి ఫిట్ ఎంతసేపు ఉందో లెక్కపెడతారు. మెదడు తరంగాలను గీసే ఈఈజీలో కూడా నమోదవుతుంది. 20 సెకన్లు దాటితే సాధారణంగా సరిపోయినట్టే. రెండు మూడు నిమిషాలు దాటినా ఆగకపోతే మందుతో ఆపేయాలి, ఎందుకంటే అంతసేపూ బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది.

బిడ్డ గుండె చప్పుడు: 24 వారాల లోపైతే సిట్టింగ్‌కు ముందూ తర్వాతా డాప్లర్‌తో వింటే చాలు. ఆ తర్వాత ముందూ వెనకా ఎన్ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని కాసేపు గీసి చూసే పరీక్ష) తీయాలి, నొప్పులు తెలిపే పట్టీ కూడా పెట్టాలి. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండటం మామూలు. ఫిట్ సమయంలో కాసేపు తగ్గి మళ్లీ లేస్తే కంగారు పడాల్సింది లేదు. లేవకపోతే ఆక్సిజన్, ఎడమ వైపు ఒరిగింపు, సెలైన్, బీపీ సరిచూసి వెంటనే గైనిక్ డాక్టర్‌ని పిలవాలి.

బయటికి వచ్చాక

పూర్తిగా తెలివి వచ్చేదాకా ఎడమ వైపే పడుకోబెట్టండి. అరగంటో గంటో అయోమయంగా ఉంటుంది, ఎక్కడున్నానని పదే పదే అడుగుతుంది. విసుక్కోకుండా చెప్పండి. మింగడం సరిగా వచ్చాకే నీళ్లు, ఆ తర్వాతే టిఫిన్.

ఒళ్లు నొప్పులు, తలనొప్పి చాలామందికి వస్తాయి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, వార్డు అలవాటు ప్రకారం డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చేయడం. గర్భిణికి, అందులోనూ 20 వారాల తర్వాత, ఆ రకం మందులు ఉమ్మనీరు తగ్గిస్తాయి, నెలలు నిండుతున్నకొద్దీ బిడ్డ గుండె దగ్గరి రక్తనాళాన్ని మూసేయవచ్చు. పారాసెటమాల్ చాలు. రెండోది ఇంకా ప్రమాదం. తలనొప్పి అంటే ‘షాక్ వల్లే’ అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 20 వారాలు దాటిన గర్భిణికి తలనొప్పి, చూపు మసకబారడం, పై కడుపు నొప్పి గర్భవాతం గుర్తులు కూడా. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ బీపీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ చూడాలి.

కడుపు రాయిలా బిగుసుకోవడం విడిచి విడిచి వస్తున్నా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, బిడ్డ కదలికలు తగ్గినా ఇంటికి వెళ్లొద్దు. ఇంటికి వెళ్లాక మొదలైతే కాన్పుల వార్డుకే నేరుగా రండి, సైకియాట్రీ ఓపీ కోసం తెల్లారేదాకా ఆగొద్దు. ఒకటి రెండు బిగింపులు వచ్చి సెలైన్‌తో ఆగిపోవడం కొత్త కాదు. ఆగకపోతే నొప్పులు ఆపే మందు, నెలలు నిండకపోతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలా అన్నది గైనిక్ డాక్టర్ చూస్తారు.

సిట్టింగ్‌కూ సిట్టింగ్‌కూ మధ్య

ఈ వారాల్లో ఆమె జ్ఞాపకం నమ్మదగ్గదిగా ఉండదు. ఇటీవలి విషయాలు మర్చిపోతుంది. చాలావరకు తర్వాత వారాల్లో సర్దుకుంటుంది, కొన్ని రోజుల తాలూకు జ్ఞాపకాలు తిరిగి రాకపోవచ్చు. కడుపుతో లేని మనిషికైతే ఇది ఇబ్బంది మాత్రమే. గర్భిణికి ఇది భద్రతకు సంబంధించిన విషయం: ఐరన్ మాత్ర వేసుకుందో లేదో గుర్తుండదు, పొద్దుటి నుంచి బిడ్డ కదిలిందా అంటే ‘కదిలిందనుకుంటా’ అంటుంది. కాబట్టి నోటుపుస్తకం మీరు పట్టండి. 28 వారాల తర్వాత రోజూ ఒకే సమయానికి, తిన్నాక ఎడమ వైపు పడుకోబెట్టి, ఆమె చెప్పిన ప్రతి కదలికకూ ఒక గీత గీయండి. రెండు గంటల్లో పది గీతలు రాకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయండి. అదే పుస్తకంలో మాత్రలు, తిండి, నిద్ర, మాటతీరు. ‘ఇవాళ తానే జడ వేసుకుంది’ లాంటి చిన్న మాట కూడా రాయండి. ఇంకా ఎన్ని సిట్టింగ్‌లు కావాలో తేల్చడానికి డాక్టర్‌కు అది చాలా పనికొస్తుంది.

మధ్యలో పుట్టింటికి పంపే ఆచారం ఉంటే కోర్సు పూర్తయ్యేదాకా వాయిదా వేయండి. వేరే ఊళ్లో కాన్పు తప్పదంటే సిట్టింగ్‌ల షీటు కాపీ తీసుకెళ్లాలి. ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టారు, ఎన్ని మిల్లీకూలుంబుల ఛార్జి ఇచ్చారు, ఫిట్ ఎన్ని సెకన్లు, ఏ మత్తు ఎంత, ఏమైనా తేడా వచ్చిందా అన్నవి అందులో ఉంటాయి. తన వైద్య రికార్డు అడిగి తీసుకోవడం ఆమె హక్కు.

కోర్సు అయిపోయాక

బాగుపడింది కదా అని మాత్రలు మానేస్తే చాలామందికి కొన్ని నెలల్లోపే జబ్బు తిరగబడుతుంది. గర్భంలో వాడదగ్గ మందేదో తేల్చుకుని కొనసాగించాలి. కొందరికి అప్పుడప్పుడూ ఒక సిట్టింగ్ అవసరమవుతుంది. బైపోలార్ (ఒకసారి డిప్రెషన్, ఒకసారి మేనియా వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు కాన్పు తర్వాతి మొదటి వారాలే అన్నిటికంటే గండం. ఆ రోజుల్లో రాత్రిళ్లు బిడ్డను ఎవరు చూస్తారు, తల్లికి నిద్ర ఎలా దొరుకుతుంది, ఏ గుర్తు కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఎనిమిదో నెలలోనే ఇద్దరు డాక్టర్ల ముందు తేల్చుకోండి. కాన్పు తర్వాత ఈసీటీ అవసరమైనా పాలు మానిపించక్కర్లేదు. పూర్తిగా మెలకువ వచ్చి బిడ్డను పట్టుకోగలిగితే పట్టవచ్చు. ఆమెను మానసిక వైద్యశాలలో చేర్చాల్సి వచ్చినా, మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని చట్టమే చెబుతోంది.

కాన్పు ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఈసీటీ షీటు, కోలినెస్టరేజ్ రిపోర్టు రెండూ చూపించండి. రిపోర్టులో లోపం అని వచ్చి ఉంటే దాన్ని లామినేట్ చేయించి ఆమె పర్సులో పెట్టండి. ఆమె అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అదే పరీక్ష చేయించండి.